మన మీద అంత గాలి పీడనం ఉంటే మనం ఎందుకు నలిగిపోవడం లేదు? బలానికీ పీడనానికీ తేడా ఏమిటి?

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మీరు విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకు పెట్టిన కుర్సురా జలాంతర్గామిని చూసి వచ్చి అడిగిన ప్రశ్న ఇది. సముద్రపు లోతుల్లో జలాంతర్గామి గోడ మీద బ్రహ్మాండమైన పీడనం పడుతుందంటే నమ్మగలిగారు గానీ, ఒడ్డున నిలబడిన మన మీద కూడా చదరపు మీటరుకు పది టన్నుల గాలి మోపి ఉందంటే, మరి మనం ఎందుకు నలిగిపోవడం లేదన్నది మీకు అంతుపట్టలేదు. దానితో పాటు బలానికీ పీడనానికీ అసలు తేడా ఏమిటని, పీడనానికి దిశ లేదని పుస్తకంలో ఎందుకు రాశారని కూడా అడిగారు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమన్న సూత్రం కంఠతా వచ్చుననీ, విషయం మాత్రం మనసుకు ఎక్కలేదనీ రాశారు.

ముందుగా సమాధానం చెబుతాను. గాలి పీడనం మనల్ని నలపకపోవడానికి కారణం అది తక్కువగా ఉండటం కాదు, మన లోపల కూడా అంతే పీడనం ఉండటం. ఒక వస్తువు నలగాలన్నా, ఉబ్బాలన్నా, కదలాలన్నా దానికి రెండు వైపులా ఉన్న పీడనాల మధ్య తేడా ఉండాలి. ఆ తేడాను వైశాల్యంతో గుణిస్తే వచ్చేదే బలం. బలం అనేది ఒక వస్తువు మరొక వస్తువు మీద చూపేది కాబట్టి దానికి దిశ ఉంటుంది. పీడనం అనేది నీటిలోనో గాలిలోనో ఒక చోట ఉన్న స్థితి. ఆ చోట ఉష్ణోగ్రత ఎంత ఉందని చెప్పుకున్నట్టే పీడనం ఎంత ఉందని చెప్పుకుంటాము, అందుకే దానికి దిశ ఉండదు.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు పంపులు, హైడ్రాలిక్ యంత్రాలు బాగుచేసే పనిలో ఉండి, ఆ తరువాత పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రయోగశాలలో అదే విషయం చెప్పాను. ఈ తేడా అన్న మాట పట్టుబడిన విద్యార్థికి మిగతాదంతా సులువుగా వచ్చేది. పట్టుబడనివారు సూత్రాలన్నీ నేర్చుకున్నా చిన్న లెక్క దగ్గర తడబడేవారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఘనపదార్థాల సంగతి త్వరగా ముగించవచ్చు. కత్తిపీట పదును పెడితే వంకాయ తేలిగ్గా తెగుతుంది, బస్తా మోసేవారు తలకు గుడ్డ చుట్ట పెట్టుకుంటారు, రైలు పట్టాల కింద వెడల్పాటి స్లీపర్లు, వాటి కింద కంకర పరుస్తారు. అన్నిచోట్లా బలం అదే, అది పరుచుకునే వైశాల్యం మాత్రమే మారుతుంది. అరవై కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే నేల మీద పడే పీడనం సుమారు 20 వేల పాస్కళ్లు. ఒంటికాలి మీద నిలబడితే దానికి రెట్టింపు. పాస్కల్ అంటే ఎంతో ఊహకు అందాలంటే, వంద గ్రాముల జామకాయను మెత్తగా చిదిమి చదరపు మీటరు బల్ల మీద సమంగా పూసినట్టు అనుకోండి. ఆ పూత బల్ల మీద చూపే పీడనం దాదాపు ఒక పాస్కల్. చాలా చిన్న ప్రమాణం కాబట్టే పనిలో మేము బార్‌లలో మాట్లాడుకుంటాము. ఒక బార్ అంటే లక్ష పాస్కళ్లు, అంటే ఇంచుమించు వాతావరణ పీడనమంత.

ఇక ద్రవాలు, వాయువుల దగ్గరికి వద్దాము. అసలు విషయం ఇక్కడే ఉంది. గాలిలోని అణువులు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో అన్ని దిక్కులకూ పరుగెడుతూ అడ్డొచ్చిన ప్రతిదాన్నీ ఢీకొంటూ ఉంటాయి. ఏ దిక్కుకూ ప్రత్యేకత లేదు. మీరు అక్కడ ఒక పలకను పెడితే ఆ తాకిడి అంతా కలిసి పలకను లంబంగా నెట్టే బలంగా మారుతుంది. పలకను తిప్పితే బలం దిశ కూడా తిరుగుతుంది, దాని పరిమాణం మాత్రం మారదు. అంటే దిశను ఇచ్చేది పలక, పీడనం కాదు. ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసాకు ఒకే ఎత్తులో చుట్టూ నాలుగు రంధ్రాలు పొడిచి నీళ్లు నింపి చూడండి. నాలుగు ధారలూ సీసా గోడకు లంబంగా, ఒకే దూరానికి చిమ్ముతాయి. నీటి బరువు కిందికే ఉన్నా ధారలు పక్కలకు రావడమే మీ మూడవ సందేహానికి సమాధానం.

మన తల మీద ఆకాశం దాకా ఉన్న గాలి స్తంభం వల్ల సముద్రమట్టం దగ్గర పీడనం 1,01,325 పాస్కళ్లు ఉంటుంది. ఒక చదరపు మీటరుకు పది టన్నుల పైమాటే. మీ భోజనాల బల్ల ఒకటిన్నర చదరపు మీటర్లుంటే దాని మీద పదిహేను టన్నుల గాలి బరువు ఉన్నట్టు లెక్క, అయినా బల్ల విరగదు; ఎందుకంటే దాని అడుగున ఉన్న గాలి అంతే బలంతో పైకి నెడుతోంది. మన శరీరం కూడా అంతే. మన కణజాలంలో ఎక్కువ భాగం నీరు, నీరు దాదాపు కుదించుకుపోదు, ఊపిరితిత్తుల్లో ఉన్నది బయటి పీడనం వద్దనే ఉన్న గాలి. లోపల ఎంతో బయట అంతే.

లోపలి పీడనాన్ని తీసేస్తే ఏమవుతుందో ప్రయోగశాలలో ఏటా చూపించేవాడిని. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలో కొంచెం నీరు పోసి, మూత తీసి మరిగించి, లోపలి గాలినంతా ఆవిరి బయటికి తోసేశాక, పొయ్యి మీద నుంచి దించి, బిగుతుగా మూత పెట్టి, చన్నీళ్లు పోయాలి. ఆవిరి నీరుగా మారగానే లోపలి పీడనం పడిపోతుంది, డబ్బా పెళపెళమంటూ ముడుచుకుపోతుంది. 15 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక్క గోడ మీదే దాదాపు 380 కిలోల బరువు పెట్టినంత బలం పడుతుంది మరి. పెద్దవారు పక్కన ఉన్నప్పుడే ఈ ప్రయోగం చేయండి; పొయ్యి మీద ఉండగా మాత్రం ఎన్నడూ మూత బిగించకూడదు.

ఇప్పుడు కుర్సురా సంగతి చూద్దాము. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించిన ఈ 91 మీటర్ల జలాంతర్గామి రెండు పొరలతో కట్టినది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 200 మీటర్ల దగ్గర బయట 21 వాతావరణాలు, లోపల మనుషులు పీల్చే గాలి కాబట్టి ఒకటి. తేడా ఇరవై, అంటే చదరపు మీటరుకు 200 టన్నుల పైమాట. ఈ తేడానంతా భరించేది లోపలి మందపాటి స్థూపాకారపు పొర మాత్రమే. బయట మనకు కనబడే పొరకూ దీనికీ మధ్య ఉన్న తొట్లు మునిగేటప్పుడు సముద్రపు నీటితో నిండుతాయి. అడుగున అవి సముద్రానికి తెరిచే ఉంటాయి. అందువల్ల బయటి పొరకు అటూ ఇటూ ఒకే పీడనం, దాన్ని పలుచగా కట్టినా నష్టం లేదు. ఒకే లోతులో, ఒకే నీటిలో ఉన్న రెండు ఉక్కు పొరల్లో ఒకటి మందంగా, మరొకటి పలుచగా ఉండటానికి కారణం ఈ తేడాయే. చాలామంది దీన్ని గమనించకుండానే బయటికి వచ్చేస్తారు, మీరు మళ్లీ వెళ్లినప్పుడు ఇది గుర్తు పెట్టుకుని చూడండి. లోపలి పొర గుండ్రంగా ఎందుకుందంటే, చదునైన పలక ఒక వైపు ఒత్తిడికి మధ్యలో వంగుతుంది, గుండ్రటిది మాత్రం అన్ని వైపుల ఒత్తిడినీ సమంగా పంచుకుంటుంది. అరవై సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న మూత మీద కూడా ఆ లోతులో యాభై ఎనిమిది టన్నులకు సమానమైన బలం పడుతుంది.

అదే సముద్రంలో రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేసేవారికి ఏ ఉక్కు పొరా ఉండదు. వారి సిలిండర్‌కు అమర్చిన రెగ్యులేటర్ చుట్టూ ఉన్న నీటి పీడనంతో సమానమైన పీడనం వద్ద గాలిని అందిస్తుంది, కాబట్టి ఛాతీకి లోపలా బయటా తేడా ఉండదు. సిలిండర్ ఎందుకు, పొడవాటి గొట్టం పెట్టుకుని రెండు మీటర్ల లోతు నుంచి పీల్చవచ్చు కదా అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. పీల్చలేరు. ఊపిరితిత్తుల్లో ఉండేది నీటికి పైనున్న గాలి పీడనమే, ఛాతీ మీద అదనంగా రెండు మీటర్ల నీటి పీడనం. ఆ తేడాను నెట్టి ఛాతీని విప్పారించేంత శక్తి మన కండరాలకు లేదు. స్కూబాలో పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదన్న నియమం కూడా ఇందుకే: బయట పీడనం తగ్గుతుంటే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు.

తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్న ఒక సంగతి చెబుతాను. పెందుర్తి వైపు ఒక తోట యజమాని బావి గట్టు మీద మూడు హార్స్‌పవర్ మోటారు పెట్టారు. వేసవిలో నీటిమట్టం గట్టుకు 32 అడుగుల కిందికి దిగాక నీరు రావడం మానేసింది. ఆయన ఐదు హార్స్‌పవర్ మోటారు కొన్నారు, అదీ నీరు తేలేదు. నన్ను పిలిచేసరికి ఇంకా పెద్దది కొనే ఆలోచనలో ఉన్నారు. గట్టు మీద ఉన్న పంపు నీటిని లాగదు. తన లోపల పీడనాన్ని తగ్గిస్తుంది, అంతే. నీటిని పైకి నెట్టేది బావిలోని నీటి మీద ఉన్న గాలి. ఆ గాలి నెట్టగలిగినంత ఎత్తు 10.3 మీటర్లు, అంటే 34 అడుగుల లోపే. అందులోంచి గొట్టంలో ఒరిపిడి, వెచ్చటి నీటి ఆవిరి పీడనం తీసివేస్తే ఆచరణలో ఏడెనిమిది మీటర్లకు మించి నమ్మకూడదు. మోటారు ఎంత పెద్దదైనా గాలి బరువును పెంచలేదు కదా. బావి లోపల 15 అడుగుల కింద దిమ్మ కట్టించి, పాత మూడు హార్స్‌పవర్ మోటారునే దింపాము, నీరు ఆ పూటే వచ్చింది. లోతైన బోరుబావుల్లో మోటారును నీటిలోనే ముంచి పెట్టడానికి కూడా ఇదే కారణం. కింద నుంచి పైకి నెట్టడానికైతే ఈ పరిమితి ఉండదు.

ఇటలీలో పంపులు చేసేవారు కూడా 17వ శతాబ్దంలో సరిగ్గా ఈ ఎత్తు దగ్గరే ఆగిపోయారు. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి నీటికి బదులు దానికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం వాడి, ఆ స్తంభం 76 సెంటీమీటర్ల దగ్గరే నిలుస్తుందని చూపించాడు. 1648లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ కోరిక మీద అతని బావ ఫ్రాన్స్‌లోని పూయ్ ద దోమ్ కొండ ఎక్కి కొలిస్తే పాదరసం దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు దిగింది. పైకి వెళితే తల మీద గాలి తగ్గుతుందన్న మాట ఆ రోజుతో ఖాయమైంది.

ఆ ప్రయోగం మనకు అరకు ప్రయాణంలోనే జరుగుతుంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైనున్న అరకులో పీడనం విశాఖ కంటే సుమారు పది శాతం తక్కువ. అనంతగిరి ఘాట్‌లో చెవులు దిబ్బడ వేయడం కర్ణభేరికి రెండు వైపులా ఏర్పడిన తేడా వల్ల. గుటక వేస్తే లోపలి నాళం తెరుచుకుని తేడా పోతుంది. చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బడం కూడా అందుకే. నీరు అక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మూత లేని గిన్నెలో పప్పు ఉడకడం ఆలస్యం.

కుక్కర్ దీనికి విరుగుడు. మూత మీద పెట్టే వెయిట్‌ను చాలామంది విజిల్ శబ్దం కోసమే ఉందనుకుంటారు. నిజానికి అది లోపలికీ బయటికీ మధ్య తేడాను నిర్ణయించే తూకం. ఆవిరి వచ్చే రంధ్రం వ్యాసం మూడు మిల్లీమీటర్లయితే, దాని మీద సుమారు 70 గ్రాముల బరువు పెడితే చాలు, తేడా ఒక బార్‌కు చేరేవరకు అది లేవదు. అప్పుడు లోపల మొత్తం పీడనం రెండు బార్‌లు, నీరు మరిగేది 120 డిగ్రీల దగ్గర. ఆ వెయిట్ తేడాను మాత్రమే కాపాడుతుంది కాబట్టి అరకులో అదే కుక్కర్ లోపలి ఉష్ణోగ్రత విశాఖలో కంటే ఒకటిన్నర డిగ్రీలు తక్కువ ఉంటుంది. దయచేసి ఆ చిన్న రంధ్రాన్ని ప్రతిసారీ వెలుతురుకు పెట్టి చూసి కడగండి. అందులో ఒక్క కందిపప్పు తొక్క ఇరుక్కుంటే తూకం పని చేయదు, భారమంతా సేఫ్టీ వాల్వ్ మీదే పడుతుంది.

మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లలో పై అంతస్తువారు షవర్ సన్నగా వస్తోందని, ఇంకా పెద్ద ట్యాంకు పెట్టించమని అడుగుతుంటారు. ద్రవ పీడనం ఎత్తు మీద, సాంద్రత మీద ఆధారపడుతుంది, నీటి పరిమాణం మీద కాదు. షవర్‌కు రెండు మీటర్ల పైన ఐదు వందల లీటర్ల ట్యాంకు ఉన్నా, పది వేల లీటర్ల ట్యాంకు ఉన్నా వచ్చేది 0.2 బార్ మాత్రమే. అదే ట్యాంకు నుంచి ఐదు అంతస్తుల కింద ఉన్న ఇంటికి ఒకటిన్నర బార్ పైన వస్తుంది. ట్యాంకు దిమ్మెను ఎత్తు చేయాలి, లేదా పై అంతస్తుకు చిన్న బూస్టర్ పంపు పెట్టాలి. అయితే ఒక మినహాయింపు ఉంది: కుళాయి మూసి ఉన్నప్పుడు గొట్టం వెడల్పు పీడనాన్ని మార్చదు గానీ, తెరిచినప్పుడు సన్నటి, పాచి పట్టిన గొట్టంలో ఒరిపిడికే చాలా పీడనం ఖర్చయిపోతుంది.

పాస్కల్ నియమం మా బతుకుతెరువు. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పీడనం పెంచితే అది అంతటికీ సమానంగా చేరుతుంది కాబట్టి, ఒక చదరపు సెంటీమీటరు పిస్టన్ మీద 20 కిలోలు మోపితే, వంద చదరపు సెంటీమీటర్ల పిస్టన్ రెండు టన్నుల కారును ఎత్తుతుంది. శక్తి మాత్రం ఊరికే రాదు. కారు ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్న పిస్టన్ వంద సెంటీమీటర్లు కదలాలి. ఇక్కడ ఒక హెచ్చరిక, మీలో ఎవరైనా రేపు ఈ పనిలోకి రావచ్చు. మట్టి తవ్వే యంత్రాల గొట్టాల్లో నూనె పీడనం 200 బార్‌లకు మించి కూడా ఉంటుంది. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు కారుతున్నది ఎక్కడో తెలుసుకోవడానికి గొట్టం వెంట అరచేతిని పోనిచ్చాడు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చిన నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లింది. పైకి చీమ కుట్టినంత గాయమే కనబడింది, నొప్పి కూడా పెద్దగా లేదు, అందుకని ఆ రాత్రి ఎవరూ ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. చివరికి వేలు తీసేయవలసి వచ్చింది. ఆ ఆలస్యంలో నా పాలు కూడా ఉంది. కారే చోటును అట్టముక్కతో వెతకాలి, చేతితో కాదు. చర్మంలోకి నూనె పోయిందన్న అనుమానం ఉంటే గంటల్లో శస్త్రచికిత్స అవసరం.

గాలిలో పక్కలకు ఏర్పడే తేడా ఏం చేస్తుందో విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు దాని కేంద్రంలో పీడనం 950 హెక్టాపాస్కళ్ల (ఒక హెక్టాపాస్కల్ అంటే వంద పాస్కళ్లు) వరకు పడిపోయింది. మామూలు 1013తో పోలిస్తే తగ్గింది ఆరు శాతమే. కానీ ఆ తేడా కొద్ది దూరంలోనే ఉండటంతో గాలి గంటకు 185 కిలోమీటర్ల వేగంతో కేంద్రం చుట్టూ తిరిగింది. ఆ వేగంతో వచ్చిన గాలి అడ్డంగా ఉన్న తలుపు మీద చదరపు మీటరుకు 160 కిలోల బలం చూపుతుంది. రేకుల కప్పు మీదుగా పోయేటప్పుడు పైన పీడనం తగ్గి, లోపలి గాలి రేకును పైకి నెడుతుంది. కింద సముద్రం కూడా ఊరుకోదు, ఒక్కో హెక్టాపాస్కల్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. అంటే గాలి తోసే ఉప్పెన కాక, కేవలం పీడనం తగ్గినందుకే అరవై సెంటీమీటర్లు. లోపలా బయటా సమానం కావాలని తుపానులో కిటికీలు తెరవమని కొందరు సలహా ఇస్తారు, అది తప్పు. మన ఇళ్లు గాలి చొరని డబ్బాలు కావు, సందుల గుండా అవి వాటంతట అవే సర్దుకుంటాయి. కిటికీ తెరిస్తే లోపలికి వచ్చిన గాలి కప్పును ఇంకా గట్టిగా పైకి నెడుతుంది.

మీ పరీక్షకు పనికి వచ్చే మాట ఒకటి మిగిలింది. టైరులో 32 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అన్నా, కుక్కర్‌లో ఒక బార్ అన్నా, రక్తపోటు 120 అన్నా, అవన్నీ వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువో చెప్పే గేజ్ అంకెలు. మొత్తం పీడనం కావాలంటే వాతావరణాన్ని కలపాలి. బాయిల్ నియమం లాంటి వాయు నియమాల లెక్కల్లో కలపకపోతే సమాధానం తప్పుతుంది. రక్తపోటు విషయంలో ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే రక్తం కూడా ద్రవస్తంభమే. చేతిని గుండె కంటే 15 సెంటీమీటర్లు కిందికి వేలాడదీసి కొలిస్తే అంకె దాదాపు 12 ఎక్కువ చూపుతుంది, అంటే 130 ఉన్నవారికి 142 అని వస్తుంది. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో బీపీ చూసేటప్పుడు చేతికి కట్టిన పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేయి కింద దిండు పెట్టండి.